జపాన్ బొమ్మలు ఎందుకంత వింతగా ఉంటాయి? నవ్వు వెనక ఉన్న చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక బొమ్మతో మొదలుపెడతాను. నేను ఇంకా ఉద్యోగం చేస్తున్న రోజులవి. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్, మర్నాడు రిలీజ్, టైమ్ రాత్రి రెండు. మా టీం వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒక బొమ్మ పెట్టారు. చూస్తే, ఒక చిన్న హోటల్ కౌంటర్. దాని ముందు సూట్లు వేసుకున్న మగవాళ్లు వరసగా కూర్చున్నారు. కౌంటర్ అవతల పనివాళ్లు పెట్రోల్ బంకులో ఉండే పైపులు పట్టుకుని, ఆ సూటు వాళ్ల నోట్లో పెట్టి తిండి పోస్తున్నారు. బండికి పెట్రోల్ కొట్టినట్టు. ఎవరి మొహంలోనూ కోపం లేదు, బాధ లేదు. అలవాటైపోయిన మొహాలు.

మేమంతా పడీపడీ నవ్వాం. నేనైతే దాన్ని స్టిక్కర్ చేసి, కింద "డిన్నర్ బ్రేక్" అని రాసి మళ్లీ గ్రూప్‌లో పెట్టా. మా టీంలో ఒక అన్న ఉండేవాడు, మా అందరికంటే సీనియర్. ఆయన ఒక్కడే నవ్వలేదు. "ఇది నవ్వే బొమ్మ కాదురా" అని ఒక్క లైన్ పెట్టి ఊరుకున్నాడు. మూడు నెలల తర్వాత ఆయనే ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి కళ్లు తిరిగి పడిపోయాడు. బీపీ. వయసు ముప్పై నాలుగు. అంబులెన్స్ వచ్చేలోపు నేను ఆయన తల పట్టుకుని కూర్చున్నా. ఆ టైంలో నాకు గుర్తొచ్చింది ఆ స్టిక్కరే.

ఆ బొమ్మ మీమ్ కాదని, ఒక పెయింటింగ్ అని, 1996లో వేశారని నాకు చాలా తర్వాత తెలిసింది. వేసిన అతని పేరు ఇషిదా తెత్సుయా. అప్పటికి అతనికి 23 ఏళ్లు. అతని దగ్గరికి మళ్లీ వస్తా. కానీ ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఇదివరకు జపాన్ వింత బొమ్మల గురించి ఎవరైనా అడిగితే నేను "జపాన్ వాళ్లు అంతే బ్రో, వాళ్ల ఊహలే వేరు" అనేవాణ్ణి. అది జవాబు కాదు, జవాబు వెతకడానికి బద్ధకం. ఒంటికన్ను గొడుగు, మనిషి మొహం పిల్లి, మూడు కాళ్ల చేప, స్కూల్ బిల్డింగ్‌లో ఇరుక్కున్న కుర్రాడు... వీటన్నిటి వెనకా ఒక చరిత్ర ఉంది. చాలాసార్లు ఆ చరిత్రలో ఒక భయం ఉంది, నోరు విప్పి చెప్పలేని మాట ఉంది. ఈ రోజు దాన్ని ఒక్కో అడుగూ వేసుకుంటూ చూద్దాం.

మొదటి అడుగు: పాత సామాన్ల పగ

జపాన్‌లో ఒక పాత నమ్మకం ఉంది. ఇంట్లో వాడే వస్తువుకి నూరేళ్లు నిండితే దానికి ప్రాణం వస్తుందట. అలా ప్రాణం వచ్చిన వస్తువుల్ని త్సుకుమోగామి అంటారు. గొడుగు, చెప్పు, లాంతరు, వీణలాంటి వాయిద్యం, ఏదైనా సరే. మనం దసరాకి పనిముట్లకి, బండికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం కదా, ఆ భావానికి కొంచెం దగ్గర. తేడా ఏంటంటే, అక్కడి కథల్లో సామాన్లకి కోపం వస్తుంది. ఇన్నాళ్లు వాడుకుని చెత్తలో పారేస్తారా అని రాత్రిళ్లు ఊరేగింపుగా బయల్దేరతాయి. ఆ ఊరేగింపుని పొడవాటి కాగితపు చుట్టల మీద గీసేవాళ్లు. ఐదొందల ఏళ్ల నాటి అలాంటి చుట్ట ఒకటి క్యోటోలో ఒక గుడికి చెందినది ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత 1776లో తోరియామా సెకియెన్ అనే చిత్రకారుడు ఒక పని చేశాడు. మనలాంటి ఇంజినీర్లకి బాగా నచ్చే పని: డాక్యుమెంటేషన్. దేశంలో జనం నోళ్లలో, పాత పుస్తకాల్లో తిరుగుతున్న యోకాయ్ అన్నిటినీ, అంటే భూతాలు, వింత జీవులు అన్నిటినీ పేజీకి ఒకటి చొప్పున, పేరు రాసి, బొమ్మ గీసి పుస్తకం వేశాడు. మొత్తం నాలుగు పుస్తకాల వరుస. రెండొందలకు పైగా జీవులు. కొన్ని ఆయన సొంతంగా కల్పించినవే అంటారు పండితులు. 1784లో వచ్చిన ఆఖరి వరుసలో ఎక్కువగా ఈ ప్రాణం వచ్చిన సామాన్లే ఉంటాయి.

దీని వల్ల జరిగింది ఏంటంటే, అంతవరకు ఊరికో రకంగా ఉన్న భయాలకి ఒక రూపం, ఒక పేరు స్థిరపడ్డాయి. పేరు పెట్టిన భయంతో ఆడుకోవచ్చు. పిల్లలు దాన్ని చూసి నవ్వొచ్చు. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ అంతా ఇదే పని చేస్తుంది.

రెండో అడుగు: సెన్సార్‌ని దాటిన సాలీడు

ఇప్పుడు 1840ల్లోకి వెళ్దాం. ఊరు ఎదో, అంటే ఇప్పటి టోక్యో. దేశంలో కరువు, ప్రభుత్వ ఖజానా ఖాళీ. షోగున్ దగ్గర ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న మిజునో తదకుని 1841లో సంస్కరణలు మొదలుపెట్టాడు. ఖర్చులు తగ్గించాలి, విలాసాలు బంద్. 1842లో నాటక నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు అచ్చువేయడం నిషేధం అన్నారు. ఒక్కసారి ఆలోచించండి, రేపు పొద్దున హీరోల ఫొటోలు, పోస్టర్లు ఎక్కడా కనబడకూడదు అంటే మన దగ్గర ఎలా ఉంటుంది? చిత్రకారుల తిండి పోయింది.

ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు ఏం చేశాడంటే, పిల్లుల్ని గీశాడు. ఆయనకి పిల్లులంటే పిచ్చి, ఇంటి నిండా అవే. నటుల్ని గీయొద్దన్నారు కదా, పిల్లికి నటుడి మొహం పెట్టాడు. ఇంకోసారి గోడ మీద పిల్లలు గీసిన పిచ్చిగీతల్లా గీశాడు, దగ్గరగా చూస్తే అవన్నీ పేరున్న నటులే. ఇవాళ ఇంటర్నెట్‌లో మనం చూసే పిల్లి మీమ్‌కి ఇది ముత్తాత అనుకోవచ్చు.

కానీ అసలు దెబ్బ 1843లో వచ్చింది. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక పెద్ద బొమ్మ. యోరిమిత్సు అనే పాతకాలపు వీరుడు జబ్బుతో పడుకుని ఉన్నాడు. ఆయన వెనక ఒక రాక్షస సాలీడు లేస్తోంది. పైన చీకట్లో గుంపులు గుంపులుగా వింత భూతాలు యుద్ధానికి వస్తున్నాయి. కథ అందరికీ తెలిసినదే, ఎనిమిది వందల ఏళ్ల పాతది, నిషేధం ఏమీ లేదు. కానీ ఎదో జనం ఊరుకోలేదు. పక్కన కూర్చున్న ఒక అనుచరుడి బట్టల మీద ఉన్న గుర్తు మిజునో వంశం గుర్తులా ఉందే అన్నారు. అయితే నిద్రపోతున్న వీరుడు షోగున్ అన్నమాట. మరి చీకట్లో వచ్చే భూతాలు? సంస్కరణల వల్ల బతుకు పోయిన జనం! ఏ భూతం ఏ వృత్తి అని వీధుల్లో పజిల్ విప్పినట్టు విప్పడం మొదలుపెట్టారు. ప్రచురణకర్త భయపడి అమ్ముడుపోని కాగితాలు వెనక్కి తెప్పించి, అచ్చు చెక్కల్ని నాశనం చేశాడు. కాపీలు మాత్రం దొంగచాటుగా తిరుగుతూనే ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఇది. వింతగా గీయడం ఊరికే సరదా కాదు, తప్పించుకునే దారి కూడా. "నేను గీసింది సాలీడే కదా దొరా" అనొచ్చు. చూసేవాళ్లకి అర్థమయ్యేది అర్థమవుతుంది.

మూడో అడుగు: ఒంటి చేత్తో భూతాల్ని తెచ్చినవాడు

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా ఇష్టమైన మనిషి. మిజుకి షిగేరు. పుట్టింది 1922. పెరిగింది సకైమినాతో అనే చిన్న రేవు ఊళ్లో. ఆ ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది, నోన్నోన్‌బా అనేవాడు ఆమెని. పైకప్పు మీద మరకని చూపించి కూడా ఇది ఫలానా భూతం నాకి వెళ్లిన గుర్తు అని చెప్పే రకం. మనకీ ఊళ్లో ఇలాంటి నాయనమ్మ ఒకరు ఉండే ఉంటారు.

1943లో ఆయన్ని సైన్యంలోకి లాగి, పసిఫిక్‌లో న్యూ బ్రిటన్ దీవిలోని రబౌల్‌కి పంపారు. ఒక రాత్రి ఈయన కాపలా డ్యూటీలో ఉండగా దాడి జరిగింది, జట్టులో మిగతా అందరూ చనిపోయారు. ఈయన ఒక్కడే అడవిలో, సముద్రంలో పడుతూ లేస్తూ రోజుల తరబడి నడిచి క్యాంపుకి చేరాడు. పై అధికారి ఏమన్నాడో తెలుసా? బతికొచ్చినందుకు మెచ్చుకోలేదు. అందరూ చస్తే నువ్వెందుకు తిరిగొచ్చావ్ అని తిట్టాడు. ఆ తర్వాత మలేరియా. మలేరియాతో పడుకుని ఉండగా బాంబు దాడి. ఎడమ చెయ్యి పోయింది.

ఆ అడవిలో పారిపోతున్నప్పుడు చీకట్లో ఏదో కనబడని గోడ అడ్డుపడి ముందుకి పోలేకపోయానని ఆయన తర్వాత చెప్పేవాడు. చిన్నప్పుడు విన్న కథల్లో నురికాబె అని ఒక భూతం ఉంది, రాత్రి నడిచేవాడి దారికి అడ్డంగా గోడలా నిలబడుతుంది. అదే ఇది అనుకున్నాడు. ఇంటికొచ్చాక ఒంటి చేత్తో బొమ్మలు గీస్తూ బతికాడు. వీధుల్లో పిల్లలకి చూపించే కాగితపు నాటకాల బొమ్మలు, తర్వాత అద్దె పుస్తకాల కామిక్స్. చాలా ఏళ్లు పేదరికమే. నలభై దాటాక, 1960ల మధ్యలో, "గెగెగె నో కితారో" అనే కామిక్‌తో దేశమంతా పేరొచ్చింది. ఒంటి కన్ను భూతాల పిల్లాడు హీరో. నాన్న ఎవరంటే, కాళ్లూ చేతులూ ఉన్న ఒక కనుగుడ్డు! 1968లో టీవీలోకి వచ్చింది. సెకియెన్ పుస్తకాల్లో పడుకుని ఉన్న పాత భూతాలు మళ్లీ ప్రతి ఇంట్లోకీ వచ్చాయి. అడవిలో చూసిన ఆ నురికాబె కూడా ఈ కథల్లో ఒక పెద్ద, నెమ్మదైన గోడ మనిషి అయిపోయింది, హీరోకి స్నేహితుడు.

అదే చెయ్యి 1973లో ఇంకో కామిక్ గీసింది. అందులో భూతాలు లేవు. ఒక సైనిక జట్టుని అందరూ చచ్చిపోండి అని ఆఖరి దాడికి పంపే కథ. అందులో ఎక్కువ భాగం నిజంగా జరిగినదే అని ఆయనే చెప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒకటి అర్థమైంది. ఆయన కామిక్స్‌లో భూతాలు మనుషుల్ని కొంచెం భయపెడతాయి, కొంచెం ఏడిపిస్తాయి. కానీ వెళ్లి చచ్చిపో అని ఆర్డర్ వేసేది మాత్రం మనిషే.

సకైమినాతోలో ఇప్పుడు ఆయన పేరుతో ఒక వీధి ఉంది. 1993లో 23 కంచు బొమ్మలతో మొదలై 2018 నాటికి 177 అయ్యాయి. ఆయన 2015లో, 93 ఏళ్ల వయసులో పోయాడు.

నాలుగో అడుగు: 1846 నాటి ఫార్వర్డ్ మెసేజ్

ఈ యోకాయ్‌లు మ్యూజియం సరుకు కాదు అనడానికి ఒక ఉదాహరణ. 1846లో ఎదోలో ఒక కాగితం అమ్మారు, ఇప్పటి లెక్కలో వార్తాపత్రిక లాంటిది, ఒకే పేజీ. హిగో ప్రాంతంలో, అంటే ఇప్పటి కుమామోతో దగ్గర, సముద్రంలో రాత్రిళ్లు వెలుగు కనబడుతోందట. అధికారి వెళ్లి చూస్తే నీళ్లలోంచి ఒక జీవి వచ్చింది. పొడవాటి జుట్టు, పక్షి ముక్కు, ఒంటి మీద పొలుసులు, కింద మూడు కాళ్లు. నా పేరు అమాబియె అంది. ఆరేళ్లు పంటలు బాగుంటాయి, కానీ రోగాలు కూడా వస్తాయి, నా బొమ్మ గీసి జనానికి చూపించు అని చెప్పి మళ్లీ నీళ్లలోకి పోయింది. అంతే వార్త. ఆ బొమ్మ చూస్తే మూడో క్లాసు పిల్లాడు గీసినట్టు ఉంటుంది. క్యోటో యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉంది.

అంటే ఏంటి? "ఈ బొమ్మని అందరికీ పంపండి" అనే మెసేజ్ 1846లోనే ఉంది! 2020లో కరోనా వచ్చినప్పుడు జపాన్‌లో ఎవరో దీన్ని గుర్తుచేశారు. మార్చికల్లా వేల మంది చిత్రకారులు, పిల్లలు, మిఠాయి కొట్టు వాళ్లు కూడా తమ తమ అమాబియెలు గీసి సోషల్ మీడియాలో పెట్టడం మొదలుపెట్టారు. మిజుకి గీసిన అమాబియెని ఆయన సంస్థ వాళ్లు కూడా పోస్ట్ చేశారు. ఏప్రిల్‌లో ఆరోగ్య శాఖ యువతకి జాగ్రత్తలు చెప్పే పోస్టర్ మీద దాన్నే పెట్టింది. బొమ్మ గీస్తే వైరస్ పోదు, అది అందరికీ తెలుసు. కానీ ఇంట్లో తలుపులేసుకుని భయంతో కూర్చున్నప్పుడు చేతికి ఒక పని, పక్కవాడికి పంపడానికి ఒక నవ్వు దొరికాయి.

ఐదో అడుగు: భూతం ఎక్కడికి పోయింది?

ఇప్పుడు ఇషిదా దగ్గరికి వద్దాం. పుట్టింది 1973లో, యైజు అనే చేపల రేవులో. ఆ ఊరి పేరు చరిత్రలో ఇంకో కారణానికి ఉంది. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు, యైజు నుంచి వెళ్లిన ఒక చేపల పడవ మీద ఆ బూడిద పడింది. పడవలో 23 మంది. వాళ్లలో రేడియో ఆపరేటర్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆ నవంబర్‌లోనే గాడ్జిల్లా సినిమా విడుదలైంది. అంత పెద్ద భయం, అంత పెద్ద భూతం. ఆ పడవ మీద బొమ్మలు గీసిన అమెరికన్ చిత్రకారుడు బెన్ షాన్ అంటే ఇషిదాకి చాలా ఇష్టం.

ఇషిదా 1996లో ఆర్ట్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాడు. అప్పటికి జపాన్ ఎకానమీ బుడగ పేలి కొన్నేళ్లు. ఉద్యోగాలు లేవు, ఉన్నవాళ్లకి ఊపిరాడని పని. పనిచేసి పనిచేసి చచ్చిపోవడానికి ఆ భాషలో ఒక మాటే ఉంది, కరోషి. చిన్నా చితకా పనులు చేసుకుంటూ ఇషిదా గీశాడు. సూట్ వేసుకున్న మనిషి పార్సిల్ పెట్టెలో ముక్కలుగా సర్ది ఉంటాడు, పాడైన టీవీని వెనక్కి పంపినట్టు. క్లాసులో పిల్లల మధ్య ఇద్దరు మైక్రోస్కోపులుగా మారిపోయి ఉంటారు. స్కూల్ బిల్డింగే ఒంటికి చొక్కా అయిపోయి, ఒక కుర్రాడి తల మాత్రం బయటికి ఉంటుంది. దాని పేరు "ఖైదీ". అన్నిట్లోనూ దాదాపు ఒకటే మొహం, ఒకటే ఖాళీ చూపు.

సెకియెన్ కాలంలో వస్తువుకి ప్రాణం వచ్చి మనిషిలా నడిచింది. ఇషిదా దగ్గరికి వచ్చేసరికి మనిషి ప్రాణం పోయి వస్తువైపోయాడు. పాత కథలో పారేసిన సామానుకి కనీసం కోపం వచ్చింది, ఊరేగింపు తీసింది. పార్సిల్ పెట్టెలో ఉన్న మనిషికి ఆ కోపం కూడా మిగల్లేదు. నేను స్టిక్కర్ చేసి నవ్విన బొమ్మలో ఉన్నది ఇదే.

ఇషిదా సుమారు పదేళ్లే గీశాడు, రెండొందలకు దగ్గరగా చిత్రాలు. 2005లో రైలు ఢీకొని చనిపోయాడు. 31 ఏళ్లు. ఎక్కువ పేరు ఆ తర్వాతే వచ్చింది. 2015లో వెనిస్, 2019లో మాడ్రిడ్, 2023లో న్యూయార్క్ అతని బొమ్మల్ని చూశాయి.

అదే 1973లో పుట్టిన ఇంకో చిత్రకారుడు ఇకెదా మనబు. 2011 సునామీ తర్వాత ఆయన అమెరికాలో మాడిసన్ ఊళ్లో ఒక మ్యూజియంలో కూర్చుని, సన్నటి పెన్నుతో ఒకే బొమ్మ మీద మూడేళ్లకు పైగా పనిచేశాడు. మూడు మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు. కింద ముంచుకొచ్చే అల, విరిగిన ఇళ్లు, బళ్లు. వాటిలోంచి ఒక మహా వృక్షం పైకి లేచి పూస్తుంది. ఆ పూలు దగ్గరికెళ్లి చూస్తే పూలు కావు, గుడారాలు, మనుషులు, చిన్న చిన్న వింతలు. రోజుకి గీయగలిగింది అరచేయంత జాగా. ఇదీ వింత బొమ్మే. కానీ దీన్ని చూసినప్పుడు "జపాన్ వాళ్లు అంతే" అనే మాట నాకు ఇక నోటికి రాలేదు.

ఆఖరి మాట

ఎపిసోడ్ ముగించే ముందు మళ్లీ మిజుకి దగ్గరికి. ఆయన ముసలితనంలో ఒక చిన్న కామిక్ గీశాడు, నిద్ర గురించి. ఒక పార్టీలో ఇద్దరు మహా కామిక్ కళాకారులు, తెజుకా ఒసాము, ఇషినోమోరి షోతారో, మేం రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా పనిచేస్తాం అని గొప్పగా చెప్పుకుంటుంటారు. ఈయన మాత్రం ఎంత బిజీ అయినా నేను పది గంటలు పడుకుంటాను అంటాడు. తెజుకా 60 ఏళ్లకి పోయాడు. ఇషినోమోరి కూడా 60కే. ఈయన 93. నిద్ర ఒక్కటే కారణం అని నేననను. కానీ చచ్చిపో అనే ఆర్డర్ ఒకసారి విని బతికొచ్చిన మనిషి, ఇంకెవరి ఆర్డర్ కోసమూ నిద్ర మానుకోలేదు.

మా అన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లిపోయాడు, ఇంటి నుంచే పనిచేసుకుంటున్నాడు. ఈ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు, ఆ నిద్ర కామిక్ ఆయనకి పంపించా. టైమ్ రాత్రి ఒకటిన్నర. కింద "అన్నా, ఆ రోజు స్టిక్కర్ చేసి తప్పు చేశా" అని రాశా. రిప్లై మర్నాడు పొద్దున తొమ్మిదికి వచ్చింది. "ఇప్పుడే లేచా. నువ్వు ఒకటిన్నర దాకా ఏం చేస్తున్నావ్ రా?"

దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు ఫ్రెండ్స్.

మీ ఫోన్ గ్యాలరీలో కూడా ఇలా నవ్వి ఫార్వర్డ్ చేసిన వింత బొమ్మ ఒకటి ఉండే ఉంటుంది. ఈ రోజు దాన్ని ఒకసారి తెరిచి, ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో వెతకండి. దొరికితే కామెంట్స్‌లో రాయండి, మంచివి ఏరి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఇది మీరు రాత్రి పన్నెండు తర్వాత చదువుతుంటే మాత్రం, కామెంట్ రేపు పెట్టొచ్చు. ముందు పడుకోండి. బై!